తన్నితే పోయే నొప్పి

నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళతో తన్నించుకోమని అమ్రాబాద్ వైపు ఊళ్ళల్లో పెద్దవాళ్ళు చెబుతారు. ఇది మన పల్లెల సొంత వైద్యమే అనుకునేవాణ్ణి. తీరా చూస్తే, 1881లో వాల్టర్ గ్రెగర్ అచ్చువేయించిన ఈశాన్య స్కాట్లండ్ జానపద విశ్వాసాల పుస్తకంలోనూ అచ్చంగా ఇదే ఉంది. అలా పుట్టినవారు రుద్దినా తొక్కినా నడుంనొప్పి, బెణుకులు పోతాయట, మహిమంతా పాదాల్లోనేనట! దాన్ని నాలుగు డబ్బులు చేసుకున్నవాళ్ళూ ఉన్నారట. ఇంకా వెనక్కి పోతే, గ్రీకు రాజు పిర్రస్ కుడిపాదంతో నొక్కి ప్లీహరోగులకు నయం చేసేవాడని ప్లూటార్క్ రాశాడు.

అదే 1881లో పారిస్‌లో ఫోర్స్ట్ అనే వైద్య విద్యార్థి నడుము నుంచి కాల్లోకి గుంజే నొప్పి మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు పైకెత్తితే పిరుదు దగ్గర నొప్పి గుంజుతుంది. అదే కాలు మోకాలి దగ్గర వంచి ఎత్తితే గుంజదు. ఈ కిటుకు నేర్పిన గురువు లాసేగ్ దాని గురించి తానుగా ఎక్కడా రాయలేదు, అయినా పరీక్షకు ఆయన పేరే నిలిచింది. అంతకు ఏడాది ముందే సెర్బియాలో లాజా లాజరేవిచ్ అనే వైద్యుడు ఇదే సంగతి గమనించి, తొడ వెనక దిగే సయాటిక్ నరం సాగడమే కారణమని తేల్చాడు. కండరాలు నరాన్ని నొక్కుతున్నాయన్న ఫోర్స్ట్ కన్నా ఆయనే నిజానికి దగ్గర. పైగా ఆయన సెర్బియన్ సాహిత్యంలో పేరున్న కథకుడు! 1884లో ద బ్యూర్మాన్ అనే వైద్యుడు ఒక శవంలో ఆ నరం తీసి, దాని చోట రబ్బరు గొట్టం అమర్చి కాలెత్తి చూశాడు. గొట్టం సాగింది.

ఈ నాలుగైదేళ్ళంటే నాకు వల్లమాలిన మక్కువ. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు. ఉన్నవల్లా వైద్యుడి చెయ్యి, రోగి నోటి మాట.

తర్వాతిదంతా పరుగే. 1895లో ఎక్స్‌రే, 1934లో వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతుందన్న మిక్స్‌టర్, బార్‌ల సిద్ధాంతం, ఆపైన ఎంఆర్ఐ. మధ్యలో 1937లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ వైద్య పత్రికకెక్కింది. తర్వాత నల్లగొండ ఆ జబ్బుకు మారుపేరయింది. నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో వెన్ను బిగుసుకుందేమో పసిగట్టడానికి ఇప్పటికీ నాణెం పరీక్ష పెడతారు: మోకాళ్ళు వంచకుండా నేలమీది బిళ్ళ తియ్యాలి. వంగలేకపోతే నీళ్ళు, మూత్రం, ఎక్స్‌రే చూస్తారు.

ఇప్పుడు నడుంనొప్పంటే ముందు స్కానింగే. కానీ 1994లో నడుంనొప్పే లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే సగానికి పైగా మందికి డిస్కు ఉబ్బు కనబడింది. మంచి ఫిజియోథెరపిస్టు మాత్రం ముందుకూ వెనక్కూ వంగమంటాడు, కాలెత్తి చూస్తాడు, కాలి బొటనవేలి బలం చూస్తాడు, స్పర్శ తెలుస్తోందా అని అడుగుతాడు. మూత్రం ఆగిపోయినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా వెంటనే పెద్దాసుపత్రికి పంపుతాడు. మిగతావాళ్ళకు వ్యాయామం నేర్పి, మంచం పట్టొద్దని, మెల్లగా నడవమని చెబుతాడు. పత్తి ఏరి నడుము పట్టేసిన కూలి మనిషికి పట్నం స్కానింగ్ కన్నా ముందు అందాల్సింది ఈ అరగంట పరీక్ష. తన్ను పోతే పోయింది, దిగులేం లేదు. చెయ్యి వేసి చూసే ఓపిక కూడా దానితోపాటే పోవడమే నాకు కష్టంగా ఉంది.