చెఱకుపిప్పియు విద్యుద్దీపమును: మారిషస్ ద్వీప చరిత్రమున నొక ఘట్టము

దేశచరిత్రములు వ్రాయువారు రాజులను, యుద్ధములను, సంధిపత్రములను లెక్కింతురు. ఆ దేశమున పొయ్యిలో మండిన యింధన మెచ్చటిది, దాని లాభ మెవరికి ముట్టినది యను ప్రశ్నల నరుదుగా వేయుదురు. ఈ ప్రశ్నలు వేసి చూడదగిన దేశములలో హిందూమహాసముద్రమునందలి మారిషస్ ఒకటి. ఇంచుమించు 2,000 చదరపు కిలోమీటర్ల యా దేశమున బొగ్గుగనులు లేవు, చమురుబావులు లేవు. ఉన్నవి యెండ, గాలి, కొండవాగులు, చెఱకు. వీనిలో చెఱకు కథయే మనకు ముఖ్యము; ఏలయన దానిని పెంచిన చేతులలో తెలుగువారి చేతులును గలవు.

చెఱకును 1639లో డచ్చివారు జావానుండి తెచ్చి యచ్చట నాటిరి. ఫ్రెంచివారు బానిసలచేత తోటలను విస్తరింపజేసిరి. 1810లో ద్వీప మింగ్లీషువారి వశమయ్యెను. 1835లో బానిసత్వము రద్దయినపుడు నష్టపరిహారముగా సుమారు 20 లక్షల పౌనులు యజమానులకు ముట్టెను. బానిసలకు కాసైన రాలేదు. అంతకు ముందే, 1834 నవంబరు 2వ తేదీన, అట్లాస్ అను నోడలో 36 మంది భారతీయ కూలీలు పోర్టు లూయి రేవున దిగియుండిరి. వారి వెనుక లక్షలమంది యొడంబడిక కూలీలు పోయిరి. మనవారనేకులు కోరంగి రేవున నోడ యెక్కుటచేత నచ్చట తెలుగువారికి కోరంగీలను పేరే నిలిచిపోయెను.

చెఱకునుండి రసము తీయగా మిగులునది పిప్పి. నూరు టన్నుల చెఱకు నాడినచో సుమారు ముప్పది టన్నుల పిప్పి వచ్చును. అందు సగము తేమయే. దానిని బాయిలరు క్రింద మండించి, ఆ యావిరితో యంత్రములు త్రిప్పి, రసము కాచుట పూర్వాచారము. పిప్పి మిగిలినచో దానిని పాఱవేయుట వేఱొక శ్రమ. కావున తక్కువ పీడనముగల బాయిలర్లలో దుబారాగా కాల్చివేయుటయే లాభమని యజమానులు తలంచిరి. కొనువాడు లేని వస్తువును పొదుపు చేయువా డుండడు గదా!

1957లో సేంత్ అంత్వాన్ కర్మాగారము తన యవసరమునకు మించిన విద్యుత్తును ప్రజోపయోగమైన తీగల కందించెను. అది యత్యల్పము. తరువాతి మూడు దశాబ్దములలోను పెరుగుదల మందముగనే సాగెను. ఆవిరియంత్ర మెఱిగినవారు ద్వీపమున లేకపోలేదు. లేనిది నమ్మదగిన ధరయు, దీర్ఘకాలపు టొడంబడికయు. 1991లో ప్రభుత్వము పిప్పి విద్యుత్తున కొక ప్రత్యేక ప్రణాళికను రచించెను. 2000లో బెల్‌వ్యూవద్ద 70 మెగావాట్ల కేంద్రము వెలసెను. పాతబాయిలర్లలో సుమారు 20 బార్లుండిన పీడన మిచ్చట 82 బార్లయ్యెను. ఆ పిప్పియే, ఆ నిప్పే. ఫలము మాత్ర మనేకరెట్లు. అయినను ఆ కథలో రెండు లోపములున్నవి.

మొదటిది బొగ్గు. చెఱకాడు కాలము ఇంచుమించు జూన్ మొదలు డిసెంబరు వఱకే. తక్కిన నెలలలో నా బాయిలర్లలోనే విదేశపు బొగ్గును కాల్చిరి. పిప్పికి తోడుగా వచ్చిన బొగ్గు క్రమముగా నింటి యజమానియై కూర్చుండెను. 2017 ప్రాంతమున ద్వీపపు విద్యుత్తులో నించుమించు అయిదింట రెండువంతులు బొగ్గుదే. 2030 నాటికి బొగ్గును మానుదుమనియు, విద్యుత్తులో నూటికి 60 వంతులు స్వదేశపు తరుగని శక్తులనుండి పొందుదుమనియు ప్రభుత్వము 2021లో ప్రకటించెను. కాని యిటీవలి సంవత్సరములలో నా భాగ మయిదవవంతు ప్రాంతముననే యున్నది.

రెండవది న్యాయము. చెఱకు తెచ్చిన చిన్నరైతునకు చక్కెరలో భాగ ముండెను. పిప్పినుండి పుట్టిన వెలుగులో నతని భాగ మెంత? కూలీల వంశీయులనేకులు తునుకలు తునుకలుగా నేల కొని రైతులైరి. వారికిని, పనివారికిని కర్మాగారములలో నూటికి 20 వాటాలు లభించుటకు 1994లో నొక ధర్మకర్తృసంస్థ నేర్పఱిచిరి. ఇది గొప్పమెట్టే. కాని 2006 మొదలు 2009లోపల యూరపు దేశములు చక్కెరధరను నూటికి 36 వంతులు తగ్గింపగా ననేకులు చెఱకును విడిచిరి. 1973లో ఏడులక్షల టన్నులు దాటిన చక్కెర, 2022లో 2,30,000 టన్నుల ప్రాంతమునకు దిగెను. చెఱకు తఱిగిన పిప్పియు తఱుగును. పిప్పి తఱిగిన బొగ్గు పెరుగును. రైతును మఱచిన విద్యుత్ప్రణాళిక తన వేరును తానే నఱకుకొనుటగాక మఱేమి?

ఎండయు గాలియు నీ కొఱతను తీర్పలేవా యని చదువరు లడుగవచ్చును. కొంత తీర్చును. 2014లో బాంబూవద్ద 15 మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రమును, 2016లో ప్లేన్ దె రోష్‌వద్ద గాలిమరలును వెలసినవి. తుపాను వచ్చినపుడు నేలకు వంచి పడుకొనబెట్టదగిన మరలను రొడ్రీగ్ దీవిలో నిలిపిరి. కాని ఎండ రాత్రి యుండదు, గాలి చెప్పినట్లు వీచదు. కోరినవేళ మండునది పిప్పియే. కావున నిల్వసాధనములు వృద్ధియగువఱకైన చెఱకునకు బదులు చెఱకే.

మనదేశమునను చక్కెర కర్మాగారములున్నవి, చెఱకు రైతులున్నారు. ఏ దేశమునకైనను తరుగని శక్తి యెంత గలదో కొలుచుట శాస్త్రజ్ఞుల పని. దానిని పండించువానికి న్యాయమైన పాలు నిచ్చుట ప్రజాప్రతినిధుల పని. మొదటి పని జరిగి రెండవది జరుగనిచో నా శక్తి లెక్కలలోనే యుండిపోవునని మారిషస్ చరిత్రము బోధించుచున్నది. తాత వంచిన నడుముతో పెంచిన చెఱకు, మనుమని యింట దీపమై వెలుగుటయేకాక, అతని పద్దులో నాదాయమైకూడ కానవచ్చిన నాడే యా ద్వీపమున బానిసత్వపు ఋణము తీఱెనని మేము తలంతుము.