ఇనుప శిలువపై ముద్ర: జర్మన్ సైనిక పతకాల తయారీదారులను గుర్తించడంలో సాక్ష్య సమస్య

లూయిసా రాణి జన్మదినమైన 1813 మార్చి 10 తేదీతో ప్రష్యా రాజు మూడవ ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ఐరన్ క్రాస్‌ను నెలకొల్పాడు. దాని రూపకల్పనలో వాస్తుశిల్పి కార్ల్ ఫ్రీడ్రిక్ షింకెల్‌ది ప్రధాన పాత్ర. నెపోలియన్‌తో యుద్ధానికి రాజ్యం వనరులు కూడగట్టుకుంటున్న కాలంలో ఇనుమునే గౌరవచిహ్నంగా ఎంచుకోవడం గమనార్హం. 1870, 1914, 1939 సంవత్సరాలలో ఈ పతకాన్ని పునరుద్ధరించారు. ఒకే ఆకృతి నాలుగు యుద్ధకాలాలలో తిరిగి రావడం వల్లనే, ఒక శిలువను ఎవరు, ఎప్పుడు తయారుచేశారన్న ప్రశ్న చరిత్రకారులకు జటిలమైంది.

నిర్మాణం చూడగా సరళమైనదే. నల్లరంగు వేసిన ఇనుప పలక మధ్యభాగం. దానికి ముందువెనుకల అచ్చులో ఒత్తిన రెండు వెండి చట్రాలను అమర్చి, అంచుల వెంట టంకం పెట్టి, అతుకును ఆకురాయితో నున్నచేసేవారు. పనివాడి చేతివాటం ఈ అతుకులోనే బయటపడుతుంది. ఇనుము ఉన్నదో లేదో అయస్కాంతంతో తేల్చవచ్చునన్న నమ్మకం వ్యాప్తిలో ఉన్నా, అది సగం సత్యమే. అయస్కాంతానికి అంటని మధ్యపలక గల సమకాలీన శిలువలూ లభిస్తున్నాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో రెండవ తరగతి శిలువలు సుమారు 50 లక్షలు ప్రదానమయ్యాయి. ఇంత ఉత్పత్తి అనేక సంస్థల మధ్య పంచుకోబడింది. రిబ్బను తగిలించే కడియంపై పొడి అక్షరాలు ముద్రించడం ఆనాటి రివాజు. ‘ఎస్-డబ్ల్యు’ అంటే బెర్లిన్‌లోని జీ ఉండ్ వాగ్నర్ సంస్థ. ‘కె ఓ’ బెర్లిన్ రాజ టంకశాలను సూచిస్తుందని పలువురి అభిప్రాయం. అయితే పతకంలో అన్నిటికన్న సులభంగా ఊడదీసి మార్చగలిగినది ఆ కడియమే! పరిశీలకుడు మొదట నమ్మేది దానినే కావడం విచిత్రం.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో అక్షరాల స్థానంలో అంకెలు ప్రధానమయ్యాయి. ప్రభుత్వ ప్రదానానికి రాష్ట్రపతి కార్యాలయ సంఖ్య, విడి అమ్మకానికి పతక తయారీదారుల సమాఖ్య ఇచ్చిన ‘ఎల్’ సంఖ్య వాడుకలో ఉండేవి. అందువల్ల ఒకే సంస్థకు రెండు గుర్తులు కనిపిస్తాయి. బెర్లిన్‌లోని యుంకర్‌కు 2, ఎల్/12. ల్యూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హావర్ ఉండ్ ల్యూక్‌కు 4, ఎల్/16. ముద్ర ఏ మార్గాన పతకం బయటికి వచ్చిందో చెప్పగలదు గాని, దాని కాలాన్ని నిర్ధారించలేదు.

1957 జులై 26 నాటి పశ్చిమజర్మనీ చట్టం స్వస్తిక తొలగించిన రూపంలో పాత పతకాలను ధరించడానికి అనుమతించింది. స్టైన్‌హావర్ ఉండ్ ల్యూక్ ఆ రూపాలనూ తయారుచేసింది. యుద్ధకాలపు చట్రపు అచ్చులు ఈ కొత్త పనికీ ఉపయోగపడ్డాయి. ఇక్కడ ముద్రకంటె అచ్చు గట్టి సాక్షి. వాడినకొద్దీ అచ్చు అరుగుతుంది, బీటలు వారుతుంది. ఆ బీటలు పూసల వంటి అంచుపై సన్నని ఉబ్బులుగా పడతాయి. చిన్న బీట గల శిలువ ముందుది, పెరిగిన బీట గలది తరువాతిది. స్వస్తిక గల నైట్స్ క్రాస్‌లో 1957 నమూనాలలోని బీటలే, అదే స్థాయిలో కనిపిస్తే, దానిని యుద్ధకాలపు వస్తువుగా ప్రదర్శించే మ్యూజియం తన లేబులును తిరిగి పరిశీలించవలసి ఉంటుంది.

ముద్ర లేని తొలి 1813 నాటి శిలువలకు ఈ పద్ధతి మరింత అవసరం. వాటి విషయంలో పోత, చట్రపు మూలల్లో పూసలు కలిసే తీరు, వెనుకవైపు ఓక్ ఆకుల చెక్కడం మాత్రమే పోల్చిచూడడానికి మిగిలిన ఆధారాలు.