కూర్చునే హక్కు: పాత బెంచీల, కుర్చీల చరిత్ర

పాత చెక్కసామాను మీద ఇవాళ మోజు పెరిగింది. కారైక్కుడిలో చెట్టియార్ల మేడలు కూల్చినప్పుడు బయటపడ్డ బల్లలూ, కొచ్చి మట్టాంచేరి వీధుల్లోని పడక్కుర్చీలూ, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో దొరికే కుంటి బెంచీలూ పట్నాల్లో కొత్త ఇళ్ళకి చేరుతున్నాయి. చదువుకుని, ఉద్యోగాలొచ్చి, వంశంలో మొదటిసారి గట్టి గోడల ఇల్లు కట్టుకుంటున్న దళితులు కూడా వీటిని కొంటున్నారు. కొనొద్దని మేం అనడం లేదు. అయితే అమ్మేవాడు ఒక చరిత్ర చెప్తాడు. ఇది ఫలానా జమీందారు కూర్చున్న కుర్చీ, ఇది ఫలానా దొర గడిలోంచి వచ్చిన బల్ల అని. ధర ఆ మాటతోనే పెరుగుతుంది. ఆ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డది ఎవరో అతను చెప్పడు. ఆ మిగిలిన సగం మనమే రాసుకోవాలి.

ఈ దేశంలో ఆసనం అనేది సౌకర్యం కన్నా ముందు శాసనం. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 281వ శ్లోకం చూడండి. పై కులంవాడి ఆసనం మీద కింది కులంవాడు కూర్చోబోతే నడుం మీద వాత పెట్టి దేశం నుంచి వెళ్ళగొట్టాలి, లేదా పిరుదు కోయించాలి. శిక్ష పడేది ఏ అవయవానికో గమనించండి. కూర్చునే అవయవానికే!

పల్లెల్లో ఈ శాసనాన్ని ఎవరూ చదివి అమలుపెట్టలేదు, చదవాల్సిన పని లేకుండానే నడిచింది. ఊళ్ళో పెద్దింటి అరుగు మీద కరణమూ మునసబూ కూర్చునేవారు. మనవాళ్ళు అరుగు కింద మట్టిలో, అదీ దూరంగా. సొంత వాడలో సొంత నులకమంచం మీద కూర్చున్న ముసలాయన కూడా దొరో, దొర కొడుకో అటుగా వస్తే లేచి నిలబడాలి. మంచం మనదే, నులక మనదే, కూర్చోవడం మాత్రం మనది కాదు. మా తాతల తరం దీన్ని కథలా చెప్పేది కాదు, అలవాటులా చెప్పేది. మాకు కోపమొచ్చేది, వాళ్ళకి మేం కోప్పడటం ఆశ్చర్యంగా ఉండేది.

బడి సంగతి వేరేగా చెప్పాలి. అంబేద్కర్ సతారా బడిలో తోటి పిల్లల మధ్య కూర్చోలేదు. ఒక మూల గోనెపట్టా మీద కూర్చునేవాడు. బడి ఊడ్చే నౌకరు దాన్ని ముట్టుకోడు గనక సాయంత్రం ఆ పట్టాని ఇంటికి మోసుకుపోయి మర్నాడు మళ్ళీ తెచ్చుకునేవాడు. ఇది ఆయన స్వయంగా రాసుకున్నదే. అప్పటి మన పల్లెటూరి బళ్ళలో చాలాచోట్ల ఎవరికీ బెంచీలు లేని మాట నిజమే, అందరిదీ నేలే. కానీ ఆ నేలకీ లోపలా బయటా ఉండేవి. బెంచీ వచ్చాక కొత్త చిక్కొకటి వచ్చింది. నేల మీద జానెడు దూరం జరగొచ్చు, ఒకే పలక మీద నలుగురు కూర్చుంటే జరిగే చోటేదీ? అందుకే బెంచీ చివర, వెనక బెంచీ, బెంచీ పక్కన నేల, ఇలా వెలివాడ గదిలోకి కూడా వచ్చింది.

సినిమాహాలు ఇంకో మెట్టు. నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు. డబ్బు పెట్టినవాడికి సీటు, కులం అడిగే గేటు లేదు. ఎంత చిన్నదైనా ఇది మార్పే. ఆ మార్పుని భరించలేనివాళ్ళు ఏం చేశారో చుండూరు చెప్పింది. సినిమాహాల్లో దళిత విద్యార్థి కాలు పై కులం కుర్రాడికి తగిలిందన్న తగాదా పెరిగి పెరిగి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపడం దాకా పోయింది. ఇదంతా పాతకాలం అనుకునేవాళ్ళకి 2020 నాటి ఫొటో ఒకటుంది. తమిళనాడు కడలూరు జిల్లా తెర్కు తిట్టై పంచాయతీ సమావేశంలో మిగతా సభ్యులు కుర్చీల్లో ఉన్నారు, ఎన్నికైన దళిత మహిళా అధ్యక్షురాలు నేల మీద ఉంది. అవి ఏ పురాతన టేకు కుర్చీలూ కావు, మామూలు కుర్చీలే.

ఇక చెక్క. పాత సామాను వాళ్ళు రంగం టేకు అనగానే గొంతు మారుస్తారు. రంగం అంటే రంగూన్. ఆ టేకు వచ్చిన దారినే మన కోస్తా కూలీలు ఎదురు వెళ్ళారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి బియ్యం మిల్లుల్లో, కోత మిల్లుల్లో, రేవులో మోతపనికి పోయారు. వాళ్ళలో దళితులూ ఉన్నారు. బర్మావాళ్ళు వాళ్ళని కోరంగీలు అని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య జరిగిన అల్లర్లలో ఎంతోమంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. కొనే బల్లకి ఆ మిల్లుతో, ఆ రేవుతో సంబంధం ఉందో లేదో ఏ వ్యాపారీ చెప్పలేడు. ఆ చెక్క ఖరీదులో మాత్రం ఆ కూలీ ఉంది.

అలాగని మోసపోవాల్సిన పనీ లేదు. బెంచీని బోర్లా తిప్పి చూడండి. పైభాగం వ్యాపారి మెరుగు పెట్టింది, అడుగు ఎవరూ చూడరని వదిలేసింది. అడుగున రంపం గీతలు నిటారుగా, వంకర టింకరగా ఉంటే చేతికోత. వంపు తిరిగిన గీతలు మిల్లు కోతవి, అంతమాత్రాన కొత్తదని కాదు. రంగూన్ వైపు ఆవిరి రంపాలు 19వ శతాబ్దంలోనే ఉన్నాయి. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూ కనిపిస్తే అది 1930లకి ముందుది కాదు, తర్వాతి మరమ్మతో, మోసమో. పాత పనిలో చెక్కకి బెజ్జం తొలిచి ఇంకో చెక్క కొసని దూర్చి చెక్కమేకుతో బిగించేవారు. అరుగుదల చూడండి. మనుషులు కూర్చుంటే ముందు అంచు తొడలు రాసుకుని గుండ్రబడుతుంది, మధ్య భాగం పల్లమవుతుంది. అన్నివైపులా ఒకేలా అరిగిందంటే గొలుసుతో కొట్టి ముసలిదాన్ని చేశారన్నమాట. మన చట్టం (1972 నాటిది) ప్రకారం వందేళ్ళు నిండితేనే పురావస్తువు. బజార్లో అందరూ ఆ మాట అన్నిటికీ వాడతారు.

ఏది కొనాలంటే మా ఇష్టం చెప్తాం. పడక్కుర్చీ వద్దు. చేతుల కింది నుంచి పొడుగాటి కమ్మీలు బయటికి తిరుగుతాయి, వాటి మీద కాళ్ళు చాపుకుని తోటల దొరలు పడుకునేవారు. ఆ కాళ్ళ దగ్గర కూర్చునే చోటు ఎవరిదో మనకి తెలుసు. గద్దెలాంటి పెద్ద కుర్చీలూ వద్దు, ఒక్కడే కూర్చోడానికి చేసినవి. పాత బడి బెంచీ, టీ హోటల్ బెంచీ, రైల్వేస్టేషన్ బెంచీ, సినిమాహాలు బెంచీ కొనండి. అవి చవక, వాటి మీద పోట్లాటలు జరిగాయి. ఆ బెంచీల మీద పిల్లలు గీసిన పేర్లుంటాయి. వాటిని గీకించి పాలిష్ పెట్టించకండి. పురుగు పొడి రాలుతుంటే మందు వేయించి, ఊగే కాళ్ళు బిగించుకుంటే చాలు.

బడి వేలంలో బెంచీ కొనేవాళ్ళకి ఇంకో పని. హెడ్మాస్టర్ని అడిగి సామాన్ల రిజిస్టరు చూడండి, ఏ సంవత్సరం ఎన్ని బెంచీలు వచ్చాయో అందులో రాసి ఉంటుంది. తర్వాత ఆ ఊరి పల్లెకి పోయి ఆ సంవత్సరాల్లో చదివిన ముసలివాళ్ళని అడగండి, బెంచీలు వచ్చాక మీరు ఎక్కడ కూర్చున్నారని. వాళ్ళు చెప్పింది ఊరి పేరుతో, సంవత్సరంతో సహా రాసి మాకు పంపండి.