చివరి చూపు ఎవరిది? యానిమేషన్ సైన్స్ ఫిక్షన్ ఆంథాలజీల ముగింపులు

1995 డిసెంబరు 23న జపాన్‌లో ‘మెమరీస్’ విడుదలైంది. మూడు విడివిడి కథలను కలిపి కూర్చిన యానిమేషన్ సినిమా అది. మొదటి కథ ‘మాగ్నెటిక్ రోజ్’ ఆఖరున హైన్స్ అనే ఇంజనీరు స్పేస్ సూట్‌లో ఒంటరిగా అంతరిక్షంలో తేలుతుంటాడు. చుట్టూ గులాబీ రేకులు. ప్రాణం ఉన్నట్టు తెలుస్తుంది, కాపాడేవాళ్లు వస్తారో లేదో మాత్రం తెలియదు. మనం ఆలోచనలో ఉండగానే రెండో కథ మొదలైపోతుంది. ఆ రేకులు నిజమా, భ్రమా? అతను బతికినట్టా, పోయినట్టా? సినిమా చూసిన ప్రతి తరమూ ఈ ప్రశ్నల దగ్గరే ఆగుతోంది.

ఇలాంటి ముగింపులు ఈ ఒక్క సినిమాలోనే లేవు. యానిమేషన్‌లో సైన్స్ ఫిక్షన్ ఆంథాలజీ అనే రూపం నాలుగు దశాబ్దాలుగా వీటిని పెంచి పోషించింది. వాటిని అర్థం చేసుకోవాలంటే చరిత్ర క్రమంలో చూడాలి. అలా చూసినప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. ‘చివరికి ఏం జరిగింది’ అన్న ప్రశ్న కన్నా ‘చివరి దృశ్యాన్ని మనం ఎవరి కళ్లతో చూస్తున్నాం’ అన్న ప్రశ్న ఈ కథలను ఎక్కువగా విప్పుతుంది.

కథకుడు తప్పుకున్న చోట

ముగింపుకు అర్థం చెప్పే పని మొదట్లో ప్రేక్షకుడిది కాదు. 1959 నుంచి 1964 దాకా అమెరికా టీవీలో 156 ఎపిసోడ్లుగా వచ్చిన ‘ది ట్వైలైట్ జోన్’లో దాదాపు ప్రతి కథ ముగిశాక రాడ్ సెర్లింగ్ గొంతు వినిపించేది. జరిగిందేమిటో, అందులోంచి ఏం గ్రహించాలో ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేవారు. కథ ఎంత వింతగా ముగిసినా, ప్రేక్షకుణ్ణి చెయ్యి పట్టుకుని ఒడ్డుకు చేర్చే మనిషి ఒకరుండేవారు.

1981లో జెరాల్డ్ పాటర్టన్ దర్శకత్వంలో కెనడా నుంచి వచ్చిన ‘హెవీ మెటల్’ ఈ బాధ్యతను ఒక వస్తువుకు అప్పగించింది. ఫ్రాన్స్‌లో పుట్టిన ‘మెతాల్ ఉర్లాన్’ కామిక్స్ పత్రికకు అమెరికాలో వచ్చిన రూపం ‘హెవీ మెటల్’. ఆ పత్రిక పేరుతోనే తీసిన ఈ సినిమాలో కథలన్నిటినీ కలిపేది లాక్‌నార్ అనే ఆకుపచ్చ గోళం. అది ఒక చిన్నపిల్లను భయపెడుతూ తన దుష్ట ప్రతాపాన్ని కథలు కథలుగా వినిపిస్తుంది. చివరి కథలో తార్నా అనే యోధురాలు ప్రాణం అర్పించి ఆ గోళాన్ని నాశనం చేస్తుంది. అప్పుడే బయటి కథలోని గోళం కూడా పేలిపోతుంది, వింటున్న పిల్లే కొత్త యోధురాలవుతుంది. విడి కథల ముగింపులు ఎంత తెగిపోయినట్టున్నా, వాటన్నిటినీ బయటి కథ చుట్టబెట్టి మూట కట్టేసింది.

1987లో జపాన్ నుంచి వచ్చిన రెండు సినిమాలు ఆ మూట విప్పేశాయి. ‘రోబో కార్నివాల్’లో తొమ్మిది భాగాలున్నాయి, మాటలున్నవి రెండే. మిగతాచోట్ల బొమ్మలూ, జో హిసాయిషి సంగీతమే మాట్లాడతాయి. అప్పటికి జపాన్‌లో వీడియో క్యాసెట్ల మార్కెట్ బాగా ఎదిగింది. టీవీ సీరియల్ నిడివీ థియేటర్ వసూళ్ల లెక్కా లేకుండా, యువ దర్శకులకు పదేసి నిమిషాల స్వేచ్ఛ దొరికింది. అర్థం చెప్పే కథకుణ్ణి వాళ్లు పెట్టలేదు.

ఆ సినిమాలో యసుఒమి ఉమెత్సు తీసిన ‘ప్రెజెన్స్’ దగ్గర కాస్త ఆగాలి. పెళ్లాం పిల్లలున్న ఒక మనిషి రహస్యంగా ఒక మరబొమ్మ అమ్మాయిని తయారుచేస్తాడు. ఆమెకు చైతన్యం వచ్చి ప్రేమ గురించి అడగగానే బెదిరిపోయి పగలగొట్టేస్తాడు. ఏళ్లు గడిచి ముసలివాడయ్యాక ఆ అమ్మాయి మళ్లీ కనిపిస్తుంది. ఈసారి ఆమె చెయ్యి పట్టుకుని నడిచిపోతాడు, ఇద్దరూ మాయమవుతారు. అది అతని మనసులోని కల అని తేల్చేయడం సులువే. కానీ ఉమెత్సు అక్కడ అతని భార్యను నిలబెట్టాడు, ఆమె కళ్లముందే వాళ్లు మాయమవుతారు. కథంతా ఒకే మనిషి అపరాధ భావంలోంచి చూసిన మనకు ఆఖరి క్షణంలో మరొకరి చూపు దొరుకుతుంది. ఆ చూపుతో కల కాస్తా సాక్ష్యమవుతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు తెలియని గది ఒకటి భర్త జీవితంలో ఉందని అప్పుడే ఆమెకూ తెలుస్తుంది. చూసే కన్ను మారితే ముగింపు ఎంత మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అదే ఏడు వచ్చిన రెండో సినిమా, పాశ్చాత్య దేశాల్లో ‘నియో టోక్యో’గా తెలిసినది. తకు మయుమురా రాసిన కథలకు రింతారో, యొషిఅకి కవజిరి, కత్సుహిరో ఒతోమో ఒక్కో భాగం తీశారు. ఒతోమో భాగంలో, దక్షిణ అమెరికా అడవిలో రోబోలే నడుపుతున్న నిర్మాణాన్ని ఆపించడానికి ఒక కంపెనీ ఉద్యోగి వెళతాడు. ఆజ్ఞ తప్ప మరేదీ ఎరగని యంత్రాలతో పోరాడుతూ, చివరికి తానూ అలాంటి యంత్రంగానే తయారవుతాడు.

చందమామ చదివి పెరిగిన వాళ్లకు ఈ మార్పు ఇట్టే అర్థమవుతుంది. బేతాళుడు కథ చెప్పి చిక్కు ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు జవాబిస్తాడు, ఆ జవాబుతోనే కథ మనకు పూర్తవుతుంది. 1987 నాటికి యానిమేషన్ ఆంథాలజీలో బేతాళుడు మిగిలాడు, ప్రశ్నా మిగిలింది. విక్రమార్కుడి చోటు మాత్రం ప్రేక్షకుడికి వచ్చింది.

గులాబీ రేకులు, పిల్లవాడి బొమ్మ

1988లో ‘అకీరా’తో ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న ఒతోమో, ఆ తర్వాత తలపెట్టిన ఆంథాలజీ ‘మెమరీస్’. ‘మాగ్నెటిక్ రోజ్’కు మూలం ఆయన గీసిన చిన్న మాంగా కథే. దర్శకుడు కోజీ మొరిమొతో, స్క్రీన్‌ప్లే రాసింది సతోషి కోన్, సంగీతం యోకో కన్నో. 2092లో కరోనా అనే పాత నౌక అంతరిక్షంలో తుక్కు ఏరుతూ తిరుగుతుంటుంది. సాయం కోరే సంకేతం ఒకటి అందుతుంది. ఆ సంకేతంలో వినిపించేది పుచ్చీని ఆపెరా ‘మదామా బటర్‌ఫ్లై’ సంగీతం. వెతుక్కుంటూ వెళ్లిన హైన్స్, మిగ్యెల్ శిథిల నౌక లోపల ఒక రాజభవనం చూస్తారు. ఎవా ఫ్రీడెల్ అనే ఆపెరా గాయని ఏనాడో మరణించినా, ఆమె జ్ఞాపకాలు యంత్రాల రూపంలో అక్కడ ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఈ ముగింపుకు తాళంచెవి ఆ ఆపెరాలోనే ఉంది. 1904లో మిలాన్‌లో మొదటిసారి ప్రదర్శించిన ‘మదామా బటర్‌ఫ్లై’లో, వదిలివెళ్లిన అమెరికన్ నావికాధికారి ఓడ ఏదో ఒకరోజు తిరిగి వస్తుందని జపాన్ అమ్మాయి నమ్మకంతో పాడుతుంది. ఓడ నిజంగానే వస్తుంది, ఆమెకు మిగిలేది మాత్రం చావు. ఎవా దీన్ని తిరగేసింది. ప్రేమ చల్లారిన ప్రియుడు కార్లోను తానే చంపి, జ్ఞాపకంలో ఎప్పటికీ తనవాడిగా నిలుపుకుంది. ఓడ కోసం ఎదురుచూసే పాటను ఇప్పుడు సంకేతంగా పంపుతోంది, ఆ పాట విని ఓడలు వస్తున్నాయి. కరోనా కూడా అలా వచ్చిన ఓడే.

లోపలికి వెళ్లిన ఇద్దరి గతి వేరు. మిగ్యెల్ తనను కార్లో అనుకుని ఎవా ప్రపంచంలో కలిసిపోతాడు. హైన్స్‌కు ఎవా అతని కూతురు ఎమిలీని చూపిస్తుంది. ఇంటిదగ్గర ఎదురుచూస్తోందని మనం అనుకుంటున్న ఆ పిల్ల, ఇంటి కప్పు మీంచి పడి ఎప్పుడో చనిపోయిందని మనకు తెలిసేది అక్కడే. తలదాచుకోవడానికి జ్ఞాపకం ఇల్లు కాదని హైన్స్ ఎదురు తిరుగుతాడు. శిథిల నౌక అయస్కాంత శక్తి కరోనాను లాక్కుపోతుండగా, ఎవా పాట సాగుతుండగానే అతను బయటి శూన్యంలోకి ఎగిరిపడతాడు.

ఇప్పుడు చివరి షాట్ చూద్దాం. గులాబీ ఎవా గుర్తు. ఆమె శిథిల నౌక కూడా దూరం నుంచి గులాబీలాగే కనిపిస్తుంది. పూలు రాలడమంటే రంగస్థలం మీద గాయనికి జరిగే సన్మానం. కాబట్టి ఎవా కళ్లతో చూస్తే హైన్స్ ఆమె ఆఖరి ప్రదర్శనలో ఒక అలంకారం. హైన్స్ వైపు నుంచి చూస్తే, ఆ మహల్‌ను కాదన్న మనిషికి దక్కింది చీకటీ, ఒంటరితనమూ, తన సొంత దుఃఖమూ. దృశ్యంలోని సొగసు ఎవాది, ఊపిరి హైన్స్‌ది. అతను బతికాడా లేదా అన్నది సినిమా తేల్చదు. తన ఎమిలీని తానే తలుచుకుంటాడు తప్ప ఎవా చేతుల్లోంచి తీసుకోడు అన్నది మాత్రం తేల్చేసింది. సతోషి కోన్ ఆ తర్వాత తీసిన ‘పర్ఫెక్ట్ బ్లూ’ (1997), ‘మిలీనియమ్ యాక్ట్రెస్’ (2001) కూడా నటి, అభిమాని, జ్ఞాపకం అన్న ఈ ముడినే మళ్లీ మళ్లీ విప్పి చూశాయి.

రెండో కథ ‘స్టింక్ బాంబ్’ను తెన్సాయ్ ఒకమురా తీశాడు. జలుబుకు మాత్ర అనుకుని ప్రయోగశాలలో రహస్య మందు మింగిన తనకా అనే ఉద్యోగి ఒంటి నుంచి ప్రాణాంతకమైన వాసన పుడుతుంది. పై అధికారి చెప్పినట్టు పత్రాలు పట్టుకుని బుద్ధిగా టోక్యో చేరతాడు, అధికారుల ముందే ఒంటి మీది స్పేస్ సూట్ తెరుస్తాడు. కథ హాస్యంగానే నడుస్తుంది. కానీ సినిమా విడుదలైన ఏడాదే మార్చి 20న టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయు దాడి జరిగింది. డిసెంబరులో ఈ సినిమా చూసినవాళ్లకు అది గుర్తు రాకుండా ఉండటం కష్టం. ముగింపు అర్థంలో కొంత భాగం విడుదలైన కాలం రాస్తుంది.

మూడోది ఒతోమో స్వయంగా తీసిన ‘కెనన్ ఫాడర్’. ప్రతి ఇంటి కప్పు మీదా ఫిరంగి మొలిచిన నగరంలో ఒక కుటుంబం ఒక రోజు. కెమెరా ఎక్కడా తెగకుండా ఒకే షాట్ అనిపించేలా సాగుతుంది. తండ్రి ఫిరంగిలో గుండు నింపే పనివాడు, తల్లి మందుగుండు ఫ్యాక్టరీలో, కొడుకు బడిలో. శత్రువు ఒక్కసారీ కనిపించడు. ఎవరితో యుద్ధం చేస్తున్నామని కొడుకు అడిగితే, పెద్దయ్యాక తెలుస్తుందంటాడు తండ్రి. పిల్లవాడు ఫిరంగి పేల్చే అధికారిని కావాలని కలలు కంటాడు. ఆ కల పిల్లలు గీసే బొమ్మలా తెరమీద కదులుతుంది. బూడిద రంగు నగరంలో మనకు కనిపించే ఒకే ఒక్క సంతోషపు చూపు అది, దాన్ని నింపిందీ యుద్ధమే. యుద్ధం ఆగుతుందా అని ఈ కథను అడగనక్కర్లేదు. రేపు ఫిరంగిని ఎవరు పేలుస్తారో ఆ బొమ్మ చెప్పేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సంవత్సరంలో జపాన్ ప్రేక్షకుల ముందుకు ఈ చిత్రం వచ్చిందన్నది మరువకూడదు.

బయట ముగిసే కథలు

2003లో వచ్చిన ‘ది యానిమేట్రిక్స్’ పరిస్థితి వేరు. ఇందులోని తొమ్మిది లఘుచిత్రాలూ ‘ది మేట్రిక్స్’ ప్రపంచానికి చెందినవి. ‘ఫైనల్ ఫ్లైట్ ఆఫ్ ది ఒసైరిస్’లో ఒక యువతి హెచ్చరిక ఉన్న ప్యాకెట్‌ను పోస్టు డబ్బాలో వేసి కూలిపోతుంది, ఆమె నౌకా నాశనమవుతుంది. ఆ హెచ్చరిక అందిందా లేదా అన్నది అదే ఏడాది వచ్చిన ‘ది మేట్రిక్స్ రీలోడెడ్’ చూస్తే తెలుస్తుంది. ముగింపు కథలోంచి బయటకు జరిగి మరో సినిమాలో చేరింది. వ్యాపారానికి ఇది అనుకూలమే, కథకు మాత్రం సొంత తలుపు లేకుండా పోయింది.

పీటర్ చుంగ్ తీసిన ‘మెట్రిక్యులేటెడ్’ ఈ కట్టు తెంపుకుంది. పట్టుబడిన యంత్రాలకు అందమైన కల్పిత లోకం చూపించి, వాటి ఇష్టంతోనే తమవైపు తిప్పుకోవాలని కొందరు మనుషులు చూస్తారు. దాడిలో అందరూ పోతారు. వాళ్లను నమ్మిన రోబో, వాళ్లలో ఒకరైన, చనిపోతున్న అలెక్సాను తనతోపాటు ఆ కల్పిత లోకంలోకి తీసుకెళుతుంది. సంగతి అర్థమై ఆమె కేక పెట్టి మాయమవుతుంది. కథ మొదట్లో అలెక్సా కూర్చున్న చోట ఇప్పుడు రోబో సముద్రాన్ని చూస్తూ కూర్చుంటుంది. మనిషి చూపు యంత్రానికి సంక్రమించింది. మార్చడం ఫలించినట్టే, మార్చినవాళ్లు మాత్రం లేరు. అలెక్సా కేక ఇంకో ప్రశ్న కూడా మిగిల్చింది. ఇతరులకు స్వర్గమని ఇచ్చిన కల్పిత లోకంలో తాము శాశ్వతంగా ఉండగలరా అని వాళ్లెప్పుడైనా ఆలోచించారా?

2019 మార్చి 15న నెట్‌ఫ్లిక్స్‌లో 18 ఎపిసోడ్లతో ‘లవ్, డెత్ + రోబోట్స్’ మొదలైంది. టిమ్ మిల్లర్, డేవిడ్ ఫించర్ దాని వెనక ఉన్నారు. అందులో రాబర్ట్ వ్యాలీ తీసిన ‘జీమా బ్లూ’కు మూలం అలస్టర్ రెనాల్డ్స్ కథ. విశ్వవిఖ్యాత కళాకారుడు జీమా తన ఆఖరి కళాఖండంగా ఈతకొలనులోకి దూకి, తన శరీరాన్ని భాగాలుగా విప్పేసుకుంటాడు. ఈతకొలను పలకలు శుభ్రం చేసే చిన్న యంత్రం మిగులుతుంది. అతని మొదటి రూపం అదే. ఇది మోక్షమా, ఆత్మహత్యా అని చాలామంది తర్కిస్తారు. కథను మనకు చెప్తున్నది ఒక విలేఖరి అన్నది ఇక్కడ కీలకం. మూలకథలో ఆమెకు సొంత చిక్కు ఒకటుంది: యంత్రం భద్రపరిచిన తప్పులేని జ్ఞాపకాన్ని నమ్మాలా, మరుపుతో కూడిన మనిషి జ్ఞాపకాన్నే ఉంచుకోవాలా? దాదాపు పది నిమిషాల చిత్రం ఆ పాయ తీసేసింది. దాంతో విలేఖరి తూచి చూసే మనిషిగా కాక, చూసి తలవంచే మనిషిగా మిగిలింది. జీమా ముగింపు చాలామందికి ప్రశాంతంగా అనిపించడానికి ఈ కోత ఒక కారణమని నా అభిప్రాయం. అదే రచయిత మరో కథ నుంచి వచ్చిన ‘బియాండ్ ది అక్విలా రిఫ్ట్’లో సుఖమైన భ్రమ భయంకరమైన బోనుగా తేలుతుంది. రెండూ పక్కపక్కన చూసినవాళ్లకు జీమా ప్రశాంతత మీద కొంత అనుమానం కలగక మానదు.

పక్కపక్కన ఏది చూశామన్నది కూడా ఈ సిరీస్‌లో అందరికీ ఒకటి కాదు. తొలి సీజన్‌ను నెట్‌ఫ్లిక్స్ నాలుగు వేర్వేరు వరుసల్లో ప్రేక్షకులకు అందించింది. ‘మెమరీస్’లో గులాబీ తర్వాత నవ్వు, నవ్వు తర్వాత ఫిరంగి అన్న వరుస దర్శకులు ఎంచుకున్నది. బాధ నుంచి వెటకారానికి, అక్కడి నుంచి ఆగ్రహానికి ప్రేక్షకుణ్ణి నడిపించే వరుస అది. స్ట్రీమింగ్‌లో ఆ నడక చెదిరిపోయింది. ఒక కథ ముగింపు మీద తర్వాతి కథ వేసే నీడ ఇంటింటికీ మారిపోయింది.

కాబట్టి ఈ ముగింపులను చదివేవాళ్లు మూడు విషయాలు పట్టించుకోవాలి: చివరి చూపు ఎవరిది, మూలకథ నుంచి ఏది తీసేశారు, ముందూ వెనకా ఏ కథలున్నాయి. వీటికి జవాబు దొరికాక కూడా హైన్స్ బతికాడో లేదో తెలియకపోవచ్చు. కానీ ఎవా ఎందుకు ఓడిందో, ఆ పిల్లవాడి బొమ్మ ఎందుకు భయపెడుతుందో, అలెక్సా ఎందుకు కేక వేసిందో తెలుస్తుంది. కథలు మనతో తేల్చుకోవాలనుకున్నవి అవే. తెలుగు ప్రేక్షకులు ఈ చిత్రాలను ఇప్పుడు ఫోన్లలో కూడా చూస్తున్నారు, ఒకటి ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతోంది. దాన్ని ఆపి ఒక్క నిమిషం ఆ చూపు ఎవరిదని ఆలోచించే ప్రేక్షకుడే విక్రమార్కుడి ఖాళీ స్థానాన్ని నింపగలడు. ఈ కథలను తీసినవాళ్లు ఆ నమ్మకంతోనే జవాబు చెప్పకుండా వదిలారు. ఆ నమ్మకానికి తగినట్టు చూడటం మన బాధ్యత.