తోటను నిలిపిన పది డాలర్లు: మలేసియా జాతీయ భూ విత్త సహకార సంఘం

మలయా 1957 ఆగస్టు 31న స్వతంత్రమైంది. ఆ కాలంలోనే రబ్బరు తోటలలో పెద్ద సంకటం తలెత్తింది. ఐరోపా యజమానులు పలువురు తమ తోటలను అమ్మివేయసాగారు. కొన్నవారిలో అనేకులు వాటిని చిన్న ముక్కలుగా విభజించి తిరిగి అమ్మేవారు. తోట ముక్కలైనప్పుడు కూలీ కోల్పోయేది పని ఒక్కటే కాదు. అతడు నివసించే లైను ఇల్లు తోటదే. పిల్లల బడి, గుడి కూడా తోటలోనివే. పని పోయిననాడు కుటుంబమంతా వీధిన పడేది.

ఈ కూలీలలో అధికులు తమిళులు. వారితోపాటు తెలుగువారు, మలయాళీలు ఉండేవారు. తెలుగువారిలో పలువురి పూర్వులు విశాఖపట్నం, గోదావరి మండలాలనుండి వచ్చినవారు.

ఆనాడు మంత్రిగా ఉన్న వి. టి. సంబంధన్ 1960లో జాతీయ భూ విత్త సహకార సంఘాన్ని స్థాపించారు. ‘సహకారం’ అనగా కలిసి పనిచేయడం. ఒక కూలీ ఒక తోటను కొనలేడు. వేలమంది కూలీలు నెలకు 10 డాలర్ల చొప్పున కూడబెడితే కొనగలరు. ఇదే సంఘానికి మూలసూత్రం. సంబంధన్ తోటతోటకూ స్వయంగా వెళ్ళి కార్మికులను సభ్యులుగా చేరమని కోరారు.

అడిగినది చిన్న మొత్తమే అయినా, ఇవ్వడం సులభం కాదు. కంగాణీల అప్పులు, కట్టుకథలు ఆ తరానికి తెలుసు. జపాను ఆక్రమణ కాలంలో చలామణి అయిన ‘అరటి నోట్లు’ 1945లో చిత్తుకాగితాలు కావడం వారు కన్నులారా చూశారు. అట్టివారు చెమటోడ్చి సంపాదించిన సొమ్మును ఒక రసీదు కాగితానికి మారుగా ఇచ్చారు. పక్క లైనులోని వాడు, ఎన్నడూ చూడని మరొక తోటలోని వాడు కూడా తనవలెనే చెల్లిస్తాడని నమ్మారు. ఆ నమ్మకం లేనిదే సంఘం లేదు.

కెడా రాష్ట్రంలోని బుకిత్ సిదిం తోట సంఘం కొన్న మొదటి తోట. అనంతరం మరికొన్ని తోటలు సంఘం వశమయ్యాయి. వాటిలోని కార్మికులు తాము పాలుగీసే చెట్లకు తామే భాగస్వాములైనారు. అయితే విభజనకు గురైన తోటలన్నిటినీ సంఘం కాపాడలేకపోయింది. అనేక కుటుంబాలు చెల్లాచెదరైనాయి. ఈ రెండూ మన చరిత్రలోని భాగాలే.

మీ ఇంట పాత పెట్టెలో సంఘపు రసీదు గాని, వాటా పత్రం గాని ఉంటే పారవేయకండి. అది ఏ తోటలో, ఎవరు కట్టిన సొమ్మో పెద్దలను తెలుగులో అడిగి వ్రాసి ఉంచండి. పేరు చరిత్రకెక్కని ఒక తాతగారు తన తోటివారిని నమ్మినందుకు మిగిలిన సాక్ష్యం అదే కావచ్చు.