‘పడదు’ అన్న మాట

గోదావరి జిల్లాల ఇళ్ళలో “మా వాడికి రొయ్యలు పడవండీ” అన్న మాట వినని వారుండరు. ఒంటిమీద నాలుగు దద్దుర్లు లేచినా ఆ మాటే. పెదవులు వాచి, గొంతు పూడుకుపోయి, పిల్లికూతలతో ఊపిరాడకపోయినా ఆ మాటే. మొదటిది ఓర్చుకోదగిన బాధ. రెండవది ప్రాణాపాయం. ఈ రెండవదానికి వైద్యశాస్త్రంలో కూడా ఇరవయ్యో శతాబ్దం దాకా ప్రత్యేకమైన పేరు లేదు.

1901లో మొనాకో ప్రభువు మొదటి ఆల్బర్ట్ తన నౌకాయాత్రకు షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంటబెట్టుకొని వెళ్ళి, సముద్రజీవుల విషాన్ని పరిశోధించమన్నాడు. పారిస్ తిరిగివచ్చిన తరువాత వారు ఆ ప్రయోగాలను కుక్కల మీద కొనసాగించారు. విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే శరీరం తట్టుకుంటుందని ఆనాటి నమ్మకం. మన విషకన్యల కథలకు మూలమూ అదే కదా! నెప్ట్యూన్ అనే కుక్క మొదటి మోతాదుకు చలించలేదు. 22 రోజుల తరువాత అదే మోతాదు ఇస్తే 25 నిమిషాలలో మరణించింది. రక్షణ కలుగుతుందనుకున్న చోట దానికి విరుద్ధమైనది జరిగింది కనుక, గ్రీకు పదాలతో ‘ఎనాఫిలాక్సిస్’ అని 1902లో పేరు పెట్టారు. 1913లో రిషేకు నోబెల్ బహుమతి లభించింది. శరీరంలో ఈ వైరాన్ని మోసే ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించారు.

“కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది” అనే మన పెద్దల మాటలో నిజం లేకపోలేదు. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లలపై జరిపిన పరిశోధనలో, పసితనం నుండీ వేరుశనగ తినిపించిన పిల్లలలో అయిదేళ్ళకు ఆ ఎలర్జీ 3.2 శాతం మందిలోనే కనిపించింది. తినిపించని వారిలో 17.2 శాతం. అయితే అప్పటికే వేరుశనగ బలంగా పడని పిల్లలను అందులో చేర్చుకోలేదు. ఒకసారి గొంతు వాచిన బిడ్డకు ఇంట్లో ఈ ప్రయోగం చేయడమంటే నెప్ట్యూన్ కథను తిరిగి నడపడమే.

1992లో అమెరికా వైద్యుడు హ్యూ శాంప్సన్ బృందం, ఆహారం వల్ల ఈ ప్రమాదానికి గురైన 13 మంది పిల్లల వివరాలు ప్రచురించింది. బతికిన ఏడుగురిలో ఆరుగురికి అరగంటలోపే ఎడ్రినలిన్ అందింది. మరణించిన ఆరుగురిలో తొలి గంటలో అందినది ఇద్దరికే.

ఈ లెక్కను సామర్లకోటకు అన్వయించి చూడండి. రంగరాయ వైద్య కళాశాల పెద్దాసుపత్రి కాకినాడలో ఉంది. దూరం సుమారు 15 కిలోమీటర్లు. బండి దొరికి, దారి దాటేసరికే ఆ అరగంట కరిగిపోవచ్చు. అందువల్ల మొదటి సూది ఊళ్ళోనే పడాలి. మందు అపురూపమైనదేమీ కాదు: మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే చిన్న గాజు బుడ్డి. బిడ్డ బరువులో కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ బయటి వైపు కండరంలోకి వైద్యుడు ఇస్తాడు. దద్దుర్ల బిళ్ళ దీనికి బదులు కాదు. ముందు దగ్గరలోని వైద్యుని వద్ద సూది, ఆ తరువాత 108లో కాకినాడ ప్రయాణం: వరుస ఇదీ.

కాబట్టి బడిలో గాని, పెళ్ళి పంక్తిలో గాని ఎవరైనా తల్లి “పడదండీ” అన్నప్పుడు, “తింటే ఏమవుతుందమ్మా?” అని మరొక ప్రశ్న అడగండి. దద్దుర్లా, ఊపిరా అన్నది ఆమె జవాబులోనే తెలుస్తుంది.