సంగీతమే కథానాయకుడైన ‘శంకరాభరణం’

పద్యనాటక రంగం నుండి ఎదిగి వచ్చిన తెలుగు చలనచిత్రం ఆదినుండీ పాటకు పెద్దపీట వేసింది. అయితే 1970వ దశకం ముగిసే నాటికి పోరాటాలకు, హుషారు గీతాలకు గిరాకీ పెరిగి, శాస్త్రీయ సంగీతానికి వెండితెరపై చోటు కుంచించుకుపోయింది. అటువంటి తరుణంలో కర్ణాటక సంగీతమే ఇతివృత్తంగా, వయసు మళ్లిన విద్వాంసుడే ప్రధాన పాత్రగా చిత్రం నిర్మించడం సాహసమే. ఆ సాహసానికి పూనుకున్నవారు దర్శకుడు కె. విశ్వనాథ్, నిర్మాత ఏడిద నాగేశ్వరరావు.

శంకరశాస్త్రి పాత్రకు పేరున్న తారను కాక, రంగస్థల నటుడు, డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన జె.వి. సోమయాజులును ఎన్నుకున్నారు. వేశ్యాకులంలో పుట్టి, ఆ విద్వాంసుని సంగీతాన్నే దైవంగా కొలిచిన తులసి పాత్రను మంజుభార్గవి పోషించారు. సంభాషణలు జంధ్యాల, ఛాయాగ్రహణం బాలు మహేంద్ర సమకూర్చారు.

అసలు పరీక్ష సంగీతానిది. స్వరకర్త కె.వి. మహదేవన్ రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల కృతుల సరసన వేటూరి సుందరరామమూర్తి కొత్త రచనలను నిలిపారు. శాస్త్రీయ శిక్షణ లేని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తొలుత జంకినా, మహదేవన్ సహాయకుడు పుహళేంది ప్రోత్సాహంతో సాధనచేసి పాడారు. రాగభావం చెడకుండానే పాట సామాన్యుని గొంతుకు అందింది. చిత్ర విజయరహస్యం ఇదే.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఈ చిత్రానికి మొదట ప్రేక్షకులు పలుచగానే వచ్చారు. చూసినవారు నలుగురికీ చెప్పగా, క్రమంగా థియేటర్లు కిటకిటలాడాయి. భాషాభేదం లేకుండా పొరుగు రాష్ట్రాలవారూ ఆదరించారు. 27వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా నిలవడమేకాక, మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాంలకు జాతీయ గౌరవం తెచ్చింది. 1981లో ఫ్రాన్సులోని బెజాన్సాన్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి పొందింది. 1985లో విశ్వనాథే దీనిని హిందీలో ‘సుర్ సంగమ్’గా తీశారు.

తులసి కుమారునికి శంకరశాస్త్రి తన విద్యను ధారపోయడం ఈ కథకు పరాకాష్ఠ. కులం గోడలను దాటినప్పుడే కళ బతుకుతుందన్నది చిత్ర సందేశం. చిత్రం విడుదలైన తేదీనాడే, 2023 ఫిబ్రవరి 2న, విశ్వనాథ్ కన్నుమూశారు. సంగీత పరిజ్ఞానం లేనివారు సైతం నేటికీ ఆ పాటలను పాడుకోవడమే ఆ సందేశానికి దక్కిన సార్థకత.